ఫైల్ కళ్ల ముందే ఉన్నా "లేదు" అంటున్న సీహెచ్‌రూట్: లైబ్రరీ పాత్ ఎక్కడ తప్పినట్టు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ల్యాబ్ పని అయ్యాక రాత్రిపూట ఇంట్లోని పాత డెస్క్‌టాప్ మీద, లినక్స్ ఫ్రం స్క్రాచ్ అన్న పుస్తకం 12.2 సంచికను అనుసరించి మొత్తం వ్యవస్థను సోర్స్ నుంచి కట్టుకుంటున్నాను. హోస్ట్, అంటే ఈ పని చేస్తున్న అసలు వ్యవస్థ, ఉబుంటు 22.04. బినుటిల్స్ (లింకర్ వంటి పనిముట్లు) 2.43.1, జీసీసీ (కంపైలర్) 14.2.0, గ్లిబ్‌సీ (సీ లైబ్రరీ) 2.40, అన్నీ పుస్తకంలో చెప్పిన వెర్షన్లే. ఒక్కటి కూడా మార్చలేదు. ఆదేశాలను, పాత్‌లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఈ పని చేసినవారికి అవి ఏమిటో చదవగానే తెలుస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటాను.

క్రాస్ టూల్‌చైన్ (కొత్త వ్యవస్థ కోసం ప్రోగ్రాములు కట్టే కంపైలర్, లింకర్ల జట్టు), తాత్కాలిక పనిముట్లు ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయ్యాయి. గ్లిబ్‌సీ తరువాత చేయమన్న పరీక్షను కూడా వదలలేదు. ఖాళీ మెయిన్ ఫంక్షన్ ఒకదాన్ని కంపైల్ చేసి, ప్రోగ్రామ్ ఫైల్ లోపల రాసి ఉన్నవి చూపే రీడ్‌ఎల్ఫ్‌తో చూస్తే, ఇంటర్‌ప్రెటర్ (లోడర్) "/లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2" అని, పుస్తకంలో అచ్చయినట్టే పొల్లు పోకుండా వచ్చింది. ఆ ధైర్యంతోనే ముందుకు వెళ్లాను. తీరా సీహెచ్‌రూట్‌లోకి, అంటే కొత్త వ్యవస్థ ఉన్న డైరెక్టరీనే రూట్‌గా చేసుకుని దాని లోపలికి, వెళ్లబోతే, "/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ ఆదేశాన్ని నడపలేకపోయాను, అలాంటి ఫైల్ గాని డైరెక్టరీ గాని లేదు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ ఎదురైంది. $ఎల్ఎఫ్ఎస్ అంటే కొత్త వ్యవస్థను మౌంట్ చేసిన చోటు. $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/బిన్‌లోకి వెళ్లి చూస్తే ఎన్వ్ అక్కడే ఉంది. సైజు ఉంది, నడిపే అనుమతి ఉంది. ఉన్న ఫైల్‌ను లేదనడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ తరువాత నేను చేసిన పనులను కూడా దాచకుండా చెబుతాను, ఎందుకంటే వాటి వల్ల ఇంకేమైనా పాడైందేమో కూడా నాకు తెలియదు. మొదట పాత సమాధానాలు వెతికాను. వాటిలో ఒకచోట, ఇంటర్‌ప్రెటర్ పేరు తప్పనిసరిగా "/టూల్స్"తో మొదలవ్వాలని, అలా రాకపోతే టూల్‌చైన్ మొత్తం తప్పని రాసి ఉంది. నాది అలా లేదు. దాంతో సగం నీరుగారిపోయాను. తరువాత, పోనీ లోడర్ లేదేమోనని హోస్ట్‌లోని లోడర్‌ను $ఎల్ఎఫ్ఎస్/లిబ్64లోకి కాపీ చేయబోయాను. "వేలాడే లింక్ గుండా రాయను" అన్న ధోరణిలో ఏదో చెప్పి సీపీ ఒప్పుకోలేదు. చివరికి రూట్ షెల్‌లో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌కు $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/లిబ్ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేశాను. ఆ క్షణం నుంచి ఎల్‌ఎస్, క్యాట్, ఏది కొట్టినా సింబల్ (లైబ్రరీలోని ఫంక్షన్ వంటి దాని పేరు) ఏదో దొరకలేదంటూ పడిపోవడం మొదలైంది. భయపడి టెర్మినల్ మూసేశాను. కొత్త టెర్మినల్ తెరిస్తే హోస్ట్ బాగానే ఉంది.

ఇప్పుడు అడిగేది ఒక్కటే. పాత్ ఎక్కడ తప్పిందో కనిపెట్టే పద్ధతి ఏమిటి? లేక బినుటిల్స్ నుంచి మళ్లీ మొదలుపెట్టవలసిందేనా? మా వీధిలో రాత్రి కరెంటు మీద నమ్మకం లేదు. జీసీసీ సగంలో ఉండగా ఇప్పటికే రెండుసార్లు పోయింది.

కోట జంక్షన్ (విజయనగరం)

నాగావళి గారూ, మళ్లీ మొదలుపెట్టవలసిన అవసరం ఇప్పటికైతే కనబడటం లేదు. జీసీసీని ముట్టుకోకండి.

ఆ ఎర్రర్ ఎన్వ్ గురించి చెబుతున్నది కాదు. డైనమిక్ లింకింగ్‌తో, అంటే లైబ్రరీలను నడిపేటప్పుడు కలుపుకునేలా, కట్టిన ప్రోగ్రామ్‌ను కెర్నెల్ తనంతట తాను పూర్తిగా నడిపించదు. ఆ ఫైల్‌లో రాసి ఉన్న ఇంటర్‌ప్రెటర్ పేరు చదివి, దాన్ని కూడా మెమరీలోకి తెచ్చి, పగ్గాలు ముందు దాని చేతికి ఇస్తుంది. మనం లోడర్ అనేది దానినే. లోడర్ దొరకకపోయినా కెర్నెల్ వెనక్కి ఇచ్చే ఎర్రర్ కోడ్ "ఫైల్ లేదు" అన్నదే. ఏ ఫైల్ లేదో చెప్పే చోటు ఆ కోడ్‌లో ఉండదు కాబట్టి, సీహెచ్‌రూట్ తనకు తెలిసిన ఒక్క పేరును, అంటే మీరు నడపమన్న ఎన్వ్ పేరును, సందేశంలో పెట్టి చూపిస్తుంది. ఈ ఒక్క సందేశం వల్ల ఎంతమంది నిక్షేపంగా ఉన్న ఫైల్‌ను పదేపదే తిరిగి కట్టారో లెక్కలేదు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

లైబ్రరీ పాత్ తప్పిందని మనం ఒకే మాటగా అంటాము గాని, అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. కట్టేటప్పుడు లింకర్ లైబ్రరీల కోసం వెతికే చోట్లు ఒకటి. కట్టడం అయ్యాక ఫైల్ లోపల శాశ్వతంగా రాసి ఉండే పేర్లు రెండవది. నడిపేటప్పుడు లోడర్ వెతికే చోట్లు మూడవది. మొదటిదాన్ని చూడాలంటే ఎల్‌డీకి "--వెర్బోస్" ఇచ్చి అందులో సెర్చ్_డిర్ అన్న వరుసలు చదవాలి, లేదా జీసీసీకి "-ప్రింట్-సెర్చ్-డిర్స్" ఇవ్వాలి. రెండవదానికి రీడ్‌ఎల్ఫ్ చాలు: "-ఎల్" ఇస్తే ఇంటర్‌ప్రెటర్, "-డీ" ఇస్తే కావలసిన లైబ్రరీల పేర్లు, ఆర్‌పాత్ లేదా రన్‌పాత్ (లైబ్రరీల కోసం వెతకమని ఫైల్‌లోనే రాసిన చోట్లు) ఉంటే అవి కనబడతాయి. మూడవదానికి ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ అని ముందు పెట్టి ప్రోగ్రామ్‌ను నడిపితే, లోడర్ ఏయే చోట్లు ఏ వరుసలో తొక్కిందో అంతా అప్పజెబుతుంది.

మీరు వాడిన ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఈ మూడవదానికి మాత్రమే సంబంధించినది, అది కూడా లోడర్ దొరికిన తరువాతి మాట. మన ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి ఒక రోడ్డులో లేకపోతే ఇంకొక రోడ్డులో వెతికినట్టు, లోడర్ లైబ్రరీల కోసం చోట్లన్నీ వరుసగా తిరుగుతుంది. లోడర్ కోసం వెళ్లే కెర్నెల్‌కు అంత ఓపిక లేదు. రాసి ఉన్న చిరునామాకు నేరుగా వెళుతుంది, అక్కడ లేకపోతే తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఆ వేరియబుల్‌తో మీ జబ్బు తగ్గే అవకాశం మొదటి నుంచీ లేదు. పైగా హోస్ట్ చెడినట్టు అనిపించడానికి కారణం అదే. లోడర్, లిబ్‌సీ (గ్లిబ్‌సీలోని ముఖ్య లైబ్రరీ ఫైల్) ఒకే గ్లిబ్‌సీ నుంచి పుట్టిన జంటగా ఉండాలి, ఉబుంటు 22.04లోని 2.35 లోడర్ వెళ్లి మీ 2.40 లిబ్‌సీని పట్టుకుంటే లోపలి సింబల్స్ కలవవు. అలాంటప్పుడు టెర్మినల్ మూయనక్కరలేదు. అన్‌సెట్ అన్నది బాష్‌లో అంతర్భాగమే కాబట్టి, ఎల్‌ఎస్ చచ్చిపోయిన షెల్‌లో కూడా అది పనిచేస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసింది ఆ ఒక్క షెల్‌లోనే గనుక డిస్క్ మీద ఏదీ పాడవలేదు.

"/టూల్స్" సంగతి కూడా తేల్చుకుందాము. మీరు చదివిన సమాధానం తప్పు కాదు, కాలం చెల్లినది. 2020 మార్చిలో వచ్చిన 9.1 సంచిక వరకు తాత్కాలిక వ్యవస్థ అంతా "/టూల్స్" కింద, తన సొంత లోడర్‌తో ఉండేది. 2020 సెప్టెంబరులో వచ్చిన 10.0 నుంచి పద్ధతే మారిపోయి, నేరుగా $ఎల్ఎఫ్ఎస్‌లోకి క్రాస్ కంపైల్ చేస్తున్నారు. కాబట్టి 12.2లో మీకు వచ్చిన "/లిబ్64" పేరే సరైనది.

అయితే పరీక్ష నెగ్గి కూడా సీహెచ్‌రూట్ ఎందుకు తిరగబడింది? ఆ పరీక్ష చూసేది రాసి ఉన్న పేరును మాత్రమే. ఆ పేరు వెంట వెళితే ఏమైనా ఉందా అన్నది చూడదు. రైలు టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగేది మాత్రం ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊళ్లోకి బస్సు ఎక్కాలి. మీ రీడ్‌ఎల్ఫ్ టికెట్ మీది అక్షరాలు చదివి బాగున్నాయన్నది. బస్సు నడుస్తోందో లేదో టికెట్ మీద ఉండదు. "/లిబ్64"లో నిజంగా ఉండేది లోడర్ కాదు, "../లిబ్" వైపు చూపే లింక్, ఆ "/లిబ్" మళ్లీ "యూఎస్ఆర్/లిబ్" వైపు చూపే లింక్. ఈ రెండింటిలో ఒకటి తెగి ఉంటుంది.

ఒక్క ఆదేశంతో దాన్ని నిర్ధారించుకోవచ్చు. హోస్ట్‌లోనే ఉండి, కొత్త లోడర్‌ను మీరే చేయి పట్టుకుని పిలవండి: $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/లిబ్‌లోని ఎల్‌డీ-లినక్స్ ఫైల్‌ను పూర్తి పాత్‌తో రాసి, "--లైబ్రరీ-పాత్" కింద $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/లిబ్ ఇచ్చి, చివర $ఎల్ఎఫ్ఎస్/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ పెట్టండి. అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ చక్కగా ముద్రిస్తే లోడర్, లిబ్‌సీ, ఎన్వ్ మూడూ ఆరోగ్యంగా ఉన్నట్టే, తప్పు దారిలో మాత్రమే ఉన్నట్టు. ఆ ఫలితాన్నీ, $ఎల్ఎఫ్ఎస్ కింద లిబ్, లిబ్64, బిన్, ఎస్‌బిన్ నాలుగింటికీ "ఎల్‌ఎస్ -ఎల్‌డీ" ఫలితాన్నీ ఇక్కడ పెట్టండి. అందులో "-డీ" మరిచిపోవద్దు. అది లేకపోతే లింక్ సంగతి కాకుండా లోపలి సరుకు కనబడే అవకాశం ఉంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. లోడర్‌ను నేరుగా పిలిస్తే ఎన్వ్ నడిచింది. వేరియబుల్స్ అన్నీ వరుసగా వచ్చాయి. మూడు వారాల పని బూడిదపాలు కాలేదని తెలిశాక గాని అన్నం సహించలేదు.

ఎల్‌ఎస్ ఫలితం మాత్రం వింతగా ఉంది. లిబ్64లోని లింక్ పుస్తకంలో ఉన్నట్టే ఉంది. కానీ $ఎల్ఎఫ్ఎస్/లిబ్ అన్నది లింక్ కాదు, వరుస మొదట్లో "ఎల్" బదులు "డీ" ఉంది. బిన్, ఎస్‌బిన్ కూడా అంతే. ఆ లిబ్ లోపలికి వెళ్లి చూస్తే మళ్లీ లిబ్ అన్న పేరుతోనే ఒక లింక్ ఉంది, అది "యూఎస్ఆర్/లిబ్" వైపు చూపుతోంది. అది తప్ప ఇంకేమీ లేదు. బిన్‌లో బిన్ అన్న లింక్, ఎస్‌హెచ్ అన్న లింక్ ఉన్నాయి.

ఇవి ఎలా వచ్చాయో ఆలోచిస్తే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. డిస్క్ విభజించి మౌంట్ చేసిన రోజు, పుస్తకం ఇంకా డౌన్‌లోడ్ అవుతుండగానే, ఒక మిత్రుడు 10.1 సంచికతో కట్టినప్పుడు రాసుకున్న నోట్స్ చూసి డైరెక్టరీలు చేసేశాను. తరువాత పుస్తకం తెరిచాక, అందులోని ఆదేశాలను కూడా కొట్టాను. ఎర్రర్ ఏదీ రాలేదు. రెండూ ఒకటే కదా, రెండోసారి కొడితే నష్టమేమిటి అనుకున్నాను.

జీడితోట (పలాస)

నష్టం అక్కడే జరిగింది. 10.1 నాటికి లిబ్, బిన్, ఎస్‌బిన్ నిజమైన డైరెక్టరీలే, ఎంకేడిర్‌తో చేయమనేవారు. 2021 సెప్టెంబరులోని 11.0 నుంచి అన్నింటినీ యూఎస్ఆర్ కిందికి చేర్చి, పైన లింకులు మాత్రమే మిగిల్చారు. మీరు ముందు పాత పద్ధతిలో డైరెక్టరీ చేశారు, తరువాత కొత్త పద్ధతిలో లింక్ చేయమన్నారు. ఎల్ఎన్ ఆదేశానికి ఇచ్చిన గమ్యం అప్పటికే డైరెక్టరీ అయితే, అది దాన్ని తొలగించి లింక్ పెట్టదు. అందులోకి దూరి లోపల లింక్ చేస్తుంది. దానికి అది తప్పు కాదు కాబట్టి ఎర్రర్ కూడా రాదు. "-వీ" ఉండటం వల్ల ఆ రోజు తెర మీద "లిబ్/లిబ్" అన్న వరుస కనబడే ఉంటుంది. అలాంటి వరుసలు ఎవరు చదువుతారు? సీపీ కూడా మీకు ఒకసారి చెప్పింది, వేలాడే లింక్ అని. లింక్ ఉంది, దాని కొసన ఏమీ లేదు అని ఆ మాటకు అర్థం. ఆ కాపీ జరగకపోవడం కూడా మీ అదృష్టమే. జరిగి ఉంటే 2.35 లోడర్ లోపల కూర్చుని, ఇప్పుడున్న తేలికైన ఎర్రర్ బదులు అర్థం కాని సింబల్ ఎర్రర్ వచ్చేది.

టూల్‌చైన్ ఎందుకు తప్పలేదంటే, గ్లిబ్‌సీకి ఎస్‌లిబ్‌డిర్ (లైబ్రరీలు పెట్టవలసిన చోటు) "/యూఎస్ఆర్/లిబ్" అని కాన్ఫిగర్‌లోనే ఇచ్చారు కాబట్టి ఫైళ్లన్నీ సరైన చోటికే చేరాయి. లింకర్ కూడా సిస్‌రూట్ (లింకర్ రూట్‌గా భావించే $ఎల్ఎఫ్ఎస్) కింద అక్కడే వెతికి తెచ్చుకుంది. "/లిబ్" అన్న మెట్టు అవసరమయ్యేది మొదటిసారి సీహెచ్‌రూట్‌లో ప్రోగ్రామ్ నడిపేటప్పుడే, అందుకే అంతవరకు ఎవరికీ తెలియలేదు.

బాగుచేయడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ ఆ ఐదు నిమిషాలు జాగ్రత్తగా ఉండాలి. ఈ పాటికి ఫైళ్ల యాజమాన్యం రూట్‌కు మార్చి ఉంటారు, కాబట్టి రూట్‌గానే చేయాలి. ఎల్ఎఫ్ఎస్ అన్న వేరియబుల్‌ను మీరు ఎల్ఎఫ్ఎస్ యూజర్ బాష్‌ఆర్‌సీలో పెట్టి ఉంటారు. రూట్ షెల్‌లో అది ఖాళీగా ఉండవచ్చు. ఖాళీ వేరియబుల్‌తో $ఎల్ఎఫ్ఎస్/లిబ్ అని కొడితే అది మీ హోస్ట్ "/లిబ్" అవుతుంది. అందుకని ముందు ఎకోతో అది "/ఎంఎన్‌టీ/ఎల్ఎఫ్ఎస్" అని ముద్రిస్తున్నదో లేదో కళ్లారా చూడండి. చూశాక కూడా, ఈ మూడు నాలుగు ఆదేశాలకు వేరియబుల్ వాడకుండా పూర్తి పాత్ టైప్ చేయమనే నా సలహా.

లిబ్ లోపలి లింక్‌ను ఆర్ఎంతో తీసేసి, ఖాళీ అయిన డైరెక్టరీని ఆర్ఎండిర్‌తో తొలగించి, దాని స్థానంలో "యూఎస్ఆర్/లిబ్" వైపు లింక్ చేయండి. "ఆర్ఎం -ఆర్ఎఫ్" మాత్రం వద్దు. ఆర్ఎండిర్‌కు ఒక మంచి గుణం ఉంది, లోపల ఏదైనా మిగిలి ఉంటే అది మొరాయిస్తుంది; మనం చూడని ఫైల్ ఒకటి దాగి ఉందని అప్పుడు తెలుస్తుంది. ఎస్‌బిన్‌కు కూడా ఇంతే. బిన్ దగ్గర ఒక్క అడుగు ఎక్కువ: బాష్ కట్టిన తరువాత చేసిన ఎస్‌హెచ్ లింక్ ఆ నకిలీ బిన్‌లో పడింది, కాబట్టి దాన్ని కూడా తీసేసి, బిన్‌ను లింక్‌గా మార్చిన తరువాత "యూఎస్ఆర్/బిన్" లోపల బాష్ వైపు చూపే ఎస్‌హెచ్‌ను మళ్లీ చేయాలి. బిన్‌ను ఇలా లింక్‌గా మార్చకుండా వదిలేస్తే ఎన్వ్ వరకు బాగానే నడిచి, ఆ వెంటనే "/బిన్/బాష్" దగ్గర అదే సందేశంతో మళ్లీ ఆగిపోతారు, అప్పుడు మేము చెప్పిన మందు పనిచేయలేదని మమ్మల్ని తిడతారు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పని అయింది. ఆర్ఎండిర్ మూడుచోట్లా ఒప్పుకున్నది. సీహెచ్‌రూట్ కొట్టగానే "నాకు పేరు లేదు" అన్న ప్రాంప్ట్ వచ్చింది. పాస్‌వర్డ్ ఫైల్ ఇంకా చేయలేదు కాబట్టి అలాగే వస్తుందని పుస్తకంలో ఉంది. పేరు లేకపోయినా అంత ముచ్చటగా అనిపించిన ప్రాంప్ట్ నేను ఇంతవరకు చూడలేదు. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ నోట్స్ ఇచ్చిన మిత్రుడికి ఏమీ చెప్పలేదు, ఆయన తప్పు అందులో ఏమీ లేదు.

పార్వతీపురం ప్యాసింజర్ (పార్వతీపురం)

ఈ చర్చకు దగ్గరి సంగతే కాబట్టి వేరుగా అడగకుండా ఇక్కడే అడుగుతున్నాను. నేను 12.2 పూర్తిగా కట్టి, అదే వ్యవస్థను రోజూ వాడుతున్నాను. భద్రతా సవరణ వచ్చిందని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 3.3.1 నుంచి 3.3.2కు మార్చాను. ఇన్‌స్టాల్ సాఫీగా జరిగింది. కానీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ అడిగితే, మొదట 3.3.2 అని చెప్పి, పక్కనే బ్రాకెట్లలో లైబ్రరీ 3.3.1 అని చూపిస్తోంది. అది అంత ముఖ్యం కాదులే అనుకుని, మీసన్ అన్న బిల్డ్ పనిముట్టుతో కట్టే జీలిబ్ లైబ్రరీ వంటి రెండు మూడు ప్యాకేజీలు ఆ తరువాత కట్టాను. వాటి మీద ఆధారపడే తరువాతి ప్యాకేజీని కాన్ఫిగర్ చేస్తే, జీలిబ్ లేనే లేదంటోంది. వెతికితే "/యూఎస్ఆర్/లిబ్64" అన్న డైరెక్టరీ ఒకటి కొత్తగా కనబడింది. నేనైతే దాన్ని చేయలేదు. కాన్ఫిగర్ సమయంలో లైబ్రరీల సమాచారం వెతికే చోట్లు చెప్పే పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌కు దాన్ని కలిపితే పని నడిచిపోతోంది. అలాగే ఉంచేయవచ్చా?

కోట జంక్షన్ (విజయనగరం)

ఉంచకూడదు. మొదట ముఖ్యమైన సంగతి: బ్రాకెట్లలోని ఆ 3.3.1ను తేలికగా తీసుకోవద్దు. ఆదేశం కొత్తది, అది నడిచేటప్పుడు పట్టుకుంటున్న లైబ్రరీ పాతది అని దాని అర్థం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను వాడే ప్రోగ్రాములన్నీ వాడేది లైబ్రరీనే కాబట్టి, మీరు వేశాననుకున్న భద్రతా సవరణ ఇప్పటివరకు ఏ ప్రోగ్రామ్‌కూ అందలేదు.

జరిగినది ఇది. అరవైనాలుగు బిట్ల లినక్స్ మీద ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తనంతట తాను లైబ్రరీలను లిబ్64లో పెడుతుంది. పుస్తకంలోని కాన్ఫిగ్ వరుసలో "--లిబ్‌డిర్=లిబ్" అని ఉండేది అందుకే; కొత్త వెర్షన్ కట్టేటప్పుడు మీరు అది వదిలేసి ఉంటారు. దాంతో "/యూఎస్ఆర్/లిబ్64" పుట్టింది, కొత్త లైబ్రరీ అందులోకి చేరింది, పాతది "/యూఎస్ఆర్/లిబ్"లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఇక మీసన్‌కు ఒక అలవాటు ఉంది. డెబియన్ కుటుంబం కాని వ్యవస్థల్లో, "/యూఎస్ఆర్/లిబ్64" అన్నది లింక్ కాకుండా నిజమైన డైరెక్టరీగా కనబడితే, ఈ ఊరి ఆచారం ఇదేననుకుని లైబ్రరీలన్నీ అక్కడే పెడుతుంది. మొదటి తప్పు మీది, మిగతావి దాన్ని చూసి మీసన్ చేసినవి. ఆ సమాచారం వెతికే మన పీకేజీకాన్ఫ్ అయితే "/యూఎస్ఆర్/లిబ్" కింద, "/యూఎస్ఆర్/షేర్" కింద తప్ప వెతకదు, కాబట్టి జీలిబ్ లేదన్నది. ఈ డైరెక్టరీ ఎప్పుడూ ఉండకుండా చూసుకోవాలని, ఉంటే వ్యవస్థ పాడవవచ్చని పుస్తకంలో హెచ్చరిక ఉన్నది ఇందుకే. జీసీసీ కట్టేటప్పుడు ఒక ఫైల్‌లో లిబ్64 అన్న పేరును సెడ్‌తో లిబ్‌గా మార్చడం కూడా ఇందులో భాగమే.

వేరియబుల్‌కు ఆ పాత్ కలిపితే కాన్ఫిగర్ ఒప్పుకుంటుంది, నిజమే. కానీ అది నేను మొదట్లో చెప్పిన మూడు సంగతుల్లో ఒకదానికి మాత్రమే వేసిన మాట్లు. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు రెండు చోట్ల ఉండి, కట్టేటప్పుడు ఒకటి, నడిపేటప్పుడు ఇంకొకటి దొరికే వ్యవస్థలో ఏ ఎర్రర్ ఎందుకు వచ్చిందో రేపు మీకే తెలియదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను సరైన లిబ్‌డిర్‌తో మళ్లీ కట్టి ఇన్‌స్టాల్ చేయండి. వెర్షన్ అడిగితే బ్రాకెట్లలో కూడా 3.3.2 అని కనబడాలి. తరువాత లిబ్64లో ఏయే ప్యాకేజీల ఫైళ్లు ఉన్నాయో చూసి, వాటినీ మళ్లీ కట్టండి. ఎంవీతో లిబ్‌లోకి తరలిస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు, ".పీసీ" ఫైళ్ల లోపల, కొన్నిచోట్ల రన్‌పాత్‌లో పాత చిరునామా రాసి ఉంటుంది కాబట్టి సరిపోదు. మీసన్‌కు కొత్త బిల్డ్ డైరెక్టరీ తప్పనిసరి, ఎందుకంటే పాత డైరెక్టరీ తన మొదటి నిర్ణయాన్ని గుర్తుపెట్టుకుంటుంది. "--లిబ్‌డిర్=లిబ్" అని మీరే రాసివ్వండి. సీమేక్ ప్యాకేజీలు ఏమైనా ఉంటే వాటికి సీమేక్_ఇన్‌స్టాల్_లిబ్‌డిర్ కూడా అలాగే.

అన్నీ అయ్యాక "/యూఎస్ఆర్/లిబ్64"ను వెంటనే తీసేయకండి. పేరు మార్చి, ఎల్‌డీకాన్ఫిగ్ (లోడర్ వాడే లైబ్రరీల జాబితాను తిరిగి రాసే ఆదేశం) నడిపి, రెండు రోజులు వాడి చూడండి. ఇంకొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం: మీరు తీయవలసినది "/యూఎస్ఆర్/లిబ్64". "/లిబ్64" కాదు. రెండవదానిలో ఉన్నది పైన నాగావళి గారిని ఇన్ని రోజులు తిప్పిన లోడర్ లింక్. అది పోతే ఆ క్షణం నుంచి ఎల్‌ఎస్ సహా డైనమిక్ లింకింగ్‌తో కట్టిన ఏ కొత్త ప్రోగ్రామూ మొదలవదు, దాన్ని తిరిగి పెట్టడానికి వాడే ఎల్ఎన్ కూడా మొదలవదు.

జీడితోట (పలాస)

ఇంత శ్రమ లేకుండా, డైరెక్టరీని ఖాళీ చేశాక "/యూఎస్ఆర్/లిబ్64"ను "లిబ్" వైపు లింక్ చేసి ఉంచుకుంటే ఎలా ఉంటుందంటారు? నేను నా మెషీన్‌లో అలాగే చేశాను. ఏ ప్యాకేజీ తనకు నచ్చిన పేరుతో పెట్టినా చేరేది ఒకే చోటికి. మీసన్ కూడా లింక్‌ను పట్టించుకోదని మీరే అన్నారు.

కోట జంక్షన్ (విజయనగరం)

ఒక్క మెషీన్‌కు అది నడుస్తుంది, కాదనను. నాకు నచ్చకపోవడానికి కారణం ఏమిటంటే, ఆ లింక్ ఉన్నంతకాలం మీ కాన్ఫిగర్ వరుసలోని తప్పు మీకు కనబడదు. అదే వరుసను పార్వతీపురం వారికి నోట్స్‌గా ఇస్తే, లింక్ లేని వారి మెషీన్‌లో అది బయటపడుతుంది. 10.1 నోట్స్‌తో ఏమి జరిగిందో ఇదే చర్చలో చూశాము కదా. డైరెక్టరీ లేకుండా ఉంచితే, తప్పు చేసిన రోజే అది కొత్తగా పుట్టి కనబడుతుంది. నేను ప్రతి ఇన్‌స్టాల్ తరువాత "/యూఎస్ఆర్/లిబ్64" ఉన్నదా అని ఒక్క వరుసలో తనిఖీ చేసే చిన్న స్క్రిప్ట్ పెట్టుకున్నాను.

పార్వతీపురం ప్యాసింజర్ (పార్వతీపురం)

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పాటు మొత్తం నాలుగు ప్యాకేజీలు మళ్లీ కట్టాను. ఇప్పుడు రెండుచోట్లా 3.3.2 అనే వస్తోంది. పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌ను అన్‌సెట్ చేసి కాన్ఫిగర్ నడిపితే జీలిబ్ దొరికింది. లిబ్64కు పేరు మార్చి ఉంచాను, ఎల్‌డీకాన్ఫిగ్ నడిపాను, ఇంతవరకు ఏదీ దాని కోసం అడగలేదు. జీడితోట గారి లింక్ పెట్టుకోలేదు గాని, మాస్టారి తనిఖీ వరుస మాత్రం నా స్క్రిప్ట్ చివర చేర్చుకున్నాను.